హారతి తగిలిన స్ఫటికం

మునిచంద్రకు పొద్దున్నుంచీ కాలు నిలవడం లేదు. చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్తాడు, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వస్తాడు. మరిచిపోయిందేమీ లేదు. బల్లమీద పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా అక్కడే ఉందా లేదా అని చూసుకోవడమే ఆయన పని.

ఆ డబ్బాలో విరిచిన అగ్గిపుల్లంత లోహపు కడ్డీ ఉంది. నికెల్, మాంగనీసు, గాలియం కలిపి ఒకే స్ఫటికంగా పెంచింది. అయస్కాంతాల మధ్య పెడితే సాగుతుంది, నొక్కితే పొట్టిదవుతుంది, మళ్లీ అయస్కాంతం పెడితే మళ్లీ సాగుతుంది. పుట్టుకతో రాదు ఆ గుణం, నేర్పాలి. తిరుపతి కాలేజీలో ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న భువనేశ్వరికి దాన్ని మచ్చిక చేసుకోవడానికి ఎండాకాలమంతా పట్టింది.

ఈ మధ్యాహ్నం చెన్నై నుంచి దయానంద్ అనే శాస్త్రవేత్త వస్తున్నాడు. కడ్డీ కదలడం కళ్లారా చూస్తే తన ల్యాబులో ఉన్న ఒక్క ఉద్యోగం భువనకు ఇస్తానన్నాడు. కదలకపోతే అది ఇంకొకరికి. రెండో కడ్డీ కొనే స్తోమత కాలేజీకి లేదు.

అంత విలువైనది ఇంటికి ఎందుకొచ్చిందంటే, పెద్దమనిషి వస్తున్నాడని కాలేజీవాళ్లు నిన్న సాయంత్రం ల్యాబుకు సున్నం కొట్టించారు. బీరువాలన్నీ వరండాలో పడ్డాయి. ఆ గందరగోళంలో వదలబుద్ధి కాక, మునిచంద్ర డబ్బాను చొక్కా జేబులో వేసుకుని వడమాలపేటలోని ఇంటికి తెచ్చుకున్నాడు.

స్నానం చేసి వచ్చేసరికి డబ్బా మూత తీసి ఉంది. లోపల ఏమీ లేదు.

బల్ల కిందికి వంగి వెతికాడు. అప్పుడే కర్పూరం వాసన తగిలింది. ఆ వాసన ఆ ఇంట్లో వచ్చి మూడేళ్లయింది. భార్య హేమశ్రీ పోయాక అత్త ప్రసూనాంబ ఆయనతోనే ఉండిపోయింది. ఉండిపోయింది గానీ కూతుర్ని సాగనంపిన రోజునుంచీ దేవుడి గది తలుపు తీయలేదు. ఎవరైనా అడిగితే, "సామి పని సామి చేసుకున్నాడు, నా పని నేను చేసుకుంటా" అనేది. ఇప్పుడు ఆ తలుపు బార్లా తెరిచి ఉంది.

"అత్తా! డబ్బాలోది యాడ?"

"ఈడే ఉండాది నాయనా. ఎందుకంత కేక? పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావు. సూడలేక సామి ముందర పెట్టినా."

ఇత్తడి హారతి పళ్లెం. నడుమ కర్పూరం ఇంకా మండుతోంది. దాని పక్కనే, పసుపూ కుంకుమా పూయించుకుని, కడ్డీ.

"డబ్బాతోనే పెట్టకూడదా అత్తా?"

"ప్లాస్టిక్ డబ్బాను సామి ఏం సూస్తాడు? వస్తువు కనపడొద్దా?"

పళ్లెం అంచు మీద వేలు పెట్టి వెంటనే తీసేశాడు. చుర్రుమంది. ఆ కడ్డీకి యాభై డిగ్రీలు గీత. అది దాటితే లోపలి అమరిక మారిపోతుంది. చల్లారాక చూడటానికి అదే కడ్డీ, కానీ నేర్చిందంతా చెరిగిపోయి ఉంటుంది.

ఆ మాట చెప్పబోయి తలెత్తాడు. ప్రసూనాంబ కళ్లు తడిగా ఉన్నాయి, పొగకో మరెందుకో. పళ్లెం ఆయన వైపు చాపింది.

"కండ్లకద్దుకో. మంచి జరగతాది."

అద్దుకున్నాడు.

*

నగరి నుంచి వచ్చే బస్సులో భువన ఎప్పటిలాగే ఆయన కోసం సీట్లో బ్యాగు పెట్టి ఉంచింది. మునిచంద్ర డబ్బా తెరిచి చూపించాడు.

"ఇదేంది సార్, కుంకుమా?"

"హారతి ఇచ్చింది మా అత్త. పళ్లెంలో పెట్టి."

భువన డబ్బాను వెలుగుకు పట్టి చూసింది. "పళ్లెం ఎంత కాలింది?"

"చెయ్యి పెట్టనీలేదు."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. మామిడితోటలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. మునిచంద్ర డబ్బా మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. కాసేపటికి భువన ఇటు తిరిగింది.

"అంటే, అమ్మమ్మ దేవుడి గది తలుపు తీసిందా సార్?"

"తీసింది."

"అయితే మీరేమీ అనుండరు."

"అనలేకపోయినా."

"మా నాయన కొత్త పవర్లూమ్ కొన్నప్పుడు టెంకాయ పోయి పోయి మోటారు మీదే కొట్టినాడు సార్. నీళ్లు దిగి నెల్లాళ్లు ఆడలే. మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడస్తాది, 'సామికి దప్పికైంది పాపం' అని." నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే పోయింది. "దయానంద్ సార్ యాడున్నాడు?"

"కొండమీద. దర్శనం చేసుకుని మూడింటికి వస్తానన్నాడు."

"అయితే మళ్లీ నేర్పుదాం. పోయింది నేర్పు, కడ్డీ పగల్లేదు గదా."

"తొందరలో ఎక్కువ నొక్కితే పగలతాది భువనా. అప్పుడు అది కూడా ఉండదు."

"నొక్కకపోతే మాత్రం ఏముండాది సార్?"

*

ల్యాబంతా పచ్చిసున్నం వాసన. భువన కడ్డీని కడిగి, చిన్న చట్రంలో బిగించి, వేడినీళ్లలో ముంచింది. తర్వాత మెల్లగా నొక్కిపట్టి, నీళ్లను చల్లారనిచ్చింది. మునిచంద్ర పక్కనే నిలబడి చూశాడు. ఆ లోహం చల్లారేటప్పుడు లోపల సన్నని చారలు కడుతుంది. భువన ఊళ్లో నేసే లుంగీ చారల్లాగే, ఒక రంగు నిలువుకు, ఒక రంగు అడ్డానికి. ఊరికే చల్లారితే రెండూ కలగాపులగంగా పడి ఒకదాన్నొకటి కదలనివ్వవు. నొక్కిపట్టి చల్లారిస్తే ఒక రంగే ఎక్కువ పరుచుకుంటుంది. అప్పుడు అయస్కాంతం పెడితే రెండో రంగు చార వెడల్పవుతూ మొదటిదాన్ని తినేస్తుంది. కడ్డీ సాగడమంటే అదే.

అయస్కాంతానికి కరెంటు వేశారు. పొడవు కొలిచే గేజి ముల్లు కదల్లేదు.

నొక్కారు. మళ్లీ వేశారు. ముల్లు వణికి ఊరుకుంది. భువన స్క్రూను ఇంకో వెంట్రుకవాసి తిప్పింది. ఎక్కడో 'టిక్' మంది.

భువన భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "పగల్లేదు సార్. చట్రం సప్పుడు."

మునిచంద్ర కూర్చోలేక వరండాలో బీరువాల మధ్య నడవసాగాడు. లోపలినుంచి కేక వచ్చింది.

"సార్, మీరు నడస్తా ఉంటే ముల్లు అదరతా ఉండాది! దండం పెడతా, కూసోండి!"

కూర్చున్నాడు. అప్పుడే దయానంద్ ఫోను. క్యూలో ఇరుక్కున్నాడట, రావడం ఆలస్యమవుతుందట. కొండమీది రద్దీని ఏనాడూ మెచ్చుకోని మునిచంద్రకు ఆ క్షణం ఆ జనమంతా ముద్దొచ్చారు.

"భువనా, ముల్లు కొంచెం కదిలినా చాలు. ఈ హారతి సంగతి ఎత్తొద్దు."

ఆమె స్క్రూ వైపు చూస్తూ ఉండిపోయింది.

*

దయానంద్ సాయంత్రం దిగాడు. నున్నని గుండు, దానిమీద ఆరిపోయిన గంధం, చేతిలో లడ్ల సంచి. ఒక లడ్డు మునిచంద్ర చేతిలో పెట్టి, నేరుగా బల్ల దగ్గరికి వెళ్లాడు. "చూపించమ్మా."

భువన అయస్కాంతం వేసింది. ముల్లు జరిగింది. ఇంకొంచెం జరిగింది. సగం దాటి ఆగిపోయింది.

దయానంద్ వంగి చూశాడు. "నూటికి ఆరు వంతులు సాగుతుందని రాశారే. ఇది మూడుకు కాస్త పైన. ఏమైంది?"

మునిచంద్ర నోరు తెరిచాడు. "సున్నం పనుల వల్ల..."

"పొద్దున హారతి పళ్లెంలో పెట్టినారు సార్," అంది భువన. "కర్పూరం పక్కన. మొత్తం చెరిగిపోయింది. మధ్యాహ్నం నుంచి మళ్లీ నేర్పతా ఉండాం. ఇంతవరకూ వచ్చింది."

దయానంద్ చెయ్యి తెలియకుండానే గుండు మీదికి పోయింది.

"హారతా?"

"అవును సార్."

ఆయన భుజాలు కదిలాయి. అది నవ్వు ఆపుకోవడమని మునిచంద్రకు ఆలస్యంగా అర్థమైంది. తర్వాత దయానంద్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎంత బరువుతో నొక్కారు, ఎంత నెమ్మదిగా చల్లార్చారు, ఎక్కడ ఆపాలో ఎలా తెలిసింది, ఒక్కొక్కటే అడిగాడు. భువన తడుముకోకుండా చెప్పింది. తెలియనిచోట తెలియదంది.

"మా దగ్గర వేడి తగిలిన ముక్కను పక్కన పెట్టి ఇంకోటి తీస్తారమ్మా."

"మా దగ్గర ఇంకోటి లేదు సార్."

దయానంద్ ముల్లు వైపు ఇంకోసారి చూశాడు. "ఒకటో తారీఖుకు వచ్చెయ్. మిగతా మూడు వంతులు అక్కడ నేర్పుదువు గాని."

*

దీపాలు పెట్టే వేళకు మునిచంద్ర ఇల్లు చేరాడు. ప్రసూనాంబ గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి కాలు నిలవనిది ఆమెకు.

"కదిలిందా?"

"కదిలింది అత్తా. పిల్లకు ఉద్యోగం కూడా వచ్చింది."

"రాదా మరి? ఊరికేనే ఇచ్చినానా హారతి?"

ఆయన లడ్డు ఆమె చేతిలో పెట్టి, గుమ్మం పక్కన చెప్పులు విప్పాడు. లోపల దేవుడి గది తలుపు తెరిచే ఉంది. దీపం చిన్నగా వెలుగుతోంది.

"రేపు కూడా పెట్టాల్సింది ఏమన్నా ఉంటే ముందే ఇయ్యి నాయనా," అంది వెనకనుంచి. "నీళ్లు పోసుకుని పెడతా."

మునిచంద్ర ఒక్క క్షణం ఆలోచించాడు. డబ్బా ల్యాబు బీరువాలో ఉంది, బీరువా తాళం జేబులో ఉంది.

"నా కళ్లజోడు పెట్టు అత్తా. పళ్లెంలో వద్దులే, పటం పక్కన."

"ఎగతాళా?"

"లేదు. చూపు తగ్గతా ఉండాది."

ఆమె అనుమానంగా చూసి, చెయ్యి చాపింది. ఆయన కళ్లజోడు తీసి ఇచ్చాడు.