బయ్యన్న కూతురి ఈత

బయ్యన్న కూతురు నందిని నా బావిలో ఈదుతానని అడిగిన రోజే నాకు అనుమానం వచ్చింది. రాదా మరి? మా కుందుర్పి పక్కల ఎవరైనా బావిలోకి తొంగిచూశారంటే నీళ్ళెంతున్నాయో కంటితో కొలుస్తున్నారనే లెక్క. ఎవరడిగినా "యాడివప్పా నీళ్ళు, అడుగంటినాయి" అనాలి. అందరూ అనే మాటే అది. నా బావిలో మనిషి మునిగేంత నీళ్ళున్నాయి కాబట్టి నేను ఇంకాస్త గొంతు పెంచి అంటాను.

ఆ నీళ్ళ మీదే నా చీనీ తోట, అదే బత్తాయి తోట, బతుకుతోంది. ఒక్క ఎండాకాలం తడి తప్పితే చీనీ చెట్టు నిలువునా ఎండిపోతుంది. మళ్ళీ మొక్క నాటి, సాకి, కాపు చూసేంత ఓపిక నాకు లేదు. మా ఆయన ఓబులేశు బెంగుళూరులో వాచ్‌మన్. ఇక్కడ తోటా నేనే, మోటారూ నేనే, కాపలా కుక్కా నేనే.

నా తోటను ఆనుకునే బయ్యన్న బీడు ఉంది. ఆయనకు పార్టీలో పలుకుబడి ఉంది, ఇంటి ముందు ఎప్పుడూ నలుగురు మనుషులుంటారు. లేనిదల్లా నీళ్ళే. ఆ బీడులో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. అలాంటి మనిషి కూతురు, కళ్యాణదుర్గం బ్యాంకులో ఉద్యోగం చేసే పిల్ల, పొద్దున్నే సైకిలు మీద వచ్చి నా గట్టున నిలబడితే నేనేమనుకోవాలి?

"పెద్దమ్మా, దినామూ పొద్దున నీ బావిలో ఈదుకుంటా" అంది.

"ఏముండాదని పాపా ఈదేకి? అడుగంటిపాయ."

"ఉండాయిలే పెద్దమ్మా. నిన్న తొంగి సూసినా. బాగుండాయి."

విన్నారా! నిన్ననే చూసిపోయిందట.

ఏదో ట్రయాథ్లాన్ అనే పోటీ ఉందట బెంగుళూరు దగ్గర. ముందు చెరువులో ఈదాలి, ఆ తడి ఒంటితోనే సైకిలు తొక్కాలి, దిగి పరిగెత్తాలి. "ఎవురు తరుముతారు?" అని అడిగాను. ఎవరూ తరమరట. తరమకపోతే ఎందుకు పరిగెత్తాలో నాకు అర్థం కాలేదు.

"నేను చివరిదాకా పోతే బ్యాంకోళ్ళు, తెలిసినోళ్ళు చందాలిస్తారు పెద్దమ్మా. కిడ్నీలు చెడినోళ్ళు మన పల్లెల్లో ఎంతమంది ఉండారు! బస్సుల్లో పడి అనంతపురం పోయి, రక్తం శుద్ధి చేపించుకోని, తూలుకుంటా వస్తాండారు. వాళ్ళకోసరం ఒక బండి కొనల్లని. సైకిలు, పరుగు నాకు వస్తాయి. ఈతే తక్కువ."

బాగానే ఉంది. మంచి మాటే. అంతటితో ఆగి ఉంటే నమ్మేదాన్నేమో. పోతూ పోతూ గొంతు తగ్గించి, "నాయనకు మాత్రం చెప్పొద్దు పెద్దమ్మా" అంది.

అదిగో, అక్కడ పడింది ముడి. మంచి పనైతే తండ్రి దగ్గర దాపరికమెందుకు? తండ్రే పంపించాడు, నా నోరు నొక్కడానికి ఈ మాట నేర్పించాడు అనుకున్నాను. అయినా సరేనన్నాను. దొంగ కళ్ళ ముందుంటే కాపలా కాయడం తేలిక కదా.

మర్నాటి నుంచి రావడం మొదలుపెట్టింది. ఒంటికి అంటుకునే నల్ల బట్టలు, నెత్తికి రబ్బరు టోపీ, నడుముకు తాడుతో కట్టుకున్న నారింజ రంగు బుడగ. మా చిన్నప్పుడు ఈతకు వీపున బెండు కట్టుకునేవాళ్ళం, అది తెలుసు. ఈ బుడగేమిటో! వెనకాలే తేలుతూ తిరుగుతుంది. లోతు కొలిచే సాధనమేమో అని నేను గట్టు మీద కూర్చుని కళ్ళప్పగించి చూసేదాన్ని. బావిలో గానుగెద్దులా గుండ్రంగా తిరిగేది పాపం. మధ్యమధ్యలో మెట్టు పట్టుకుని చేతి గడియారం నొక్కేది. ఏం రాసుకుంటోంది అందులో? నీళ్ళ మట్టమేనా?

"ఏం పెద్దమ్మా, దినామూ కూసుంటావు? పనిల్యాదా?" అని నవ్వేది.

"నువ్వు మునిగితే ఎవురు దిక్కు? అందుకే కూసుంటాండా" అనేదాన్ని. నోరు తెరిస్తే అబద్ధమే నాకు ఆ రోజుల్లో.

ఈత అయ్యాక బీడులో పరుగు. వాళ్ళ బీడే, ఎటైనా పరిగెత్తవచ్చు. కానీ ఆ మహాతల్లి నా తోట గట్టు వెంబడే పరిగెత్తేది. చెప్పులు విప్పేసి, మెత్తటి మట్టిలో, అటు చివరికి పోయి ఇటు వచ్చేది. వచ్చి, నా బావికి ఎదురుగా గట్టు అవతల ఆగేది. ఆగి ఏం చేసేదనుకున్నారు? ఎడమ అరచేయి పైకి పెట్టి, తల వంచి దాన్నే చూస్తూ, మెల్లిగా నాలుగడుగులు వేసి, చప్పున నిలబడిపోయేది.

బోరు పాయింటు, అంటే నీళ్ళు పడే చోటు, చూసేవాళ్ళ గురించి మా వైపు ఎవర్ని అడిగినా చెప్తారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని, ఒట్టి కాళ్ళతో ఇలాగే మెల్లిగా నడుస్తారు. నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది, వాళ్ళు ఆగిపోతారు. ఈ పిల్ల చేతిలో టెంకాయ లేదు, అంతే తేడా. చదువుకున్న వాళ్ళకు టెంకాయ ఎందుకు, ఆ గడియారమే చెప్తుందేమో!

రెండు రోజులు పోయాక అక్కడే మూడు రాళ్ళు పేర్చి, చుట్టూ సున్నం చల్లింది. ఇంకేం కావాలి? పాయింటు పెట్టాక వేసే గుర్తు అచ్చం అదే. నా బావికి అంత దగ్గర బోరు పడితే నీళ్ళన్నీ అటు లాక్కుపోతుంది. నెల తిరిగేసరికి నా చీనీ చెట్లు కట్టెలవుతాయి.

ఆ రోజు అన్నం సయించలేదు. ఓబులేశుకు ఫోను చేసి ఏడ్చాను.

"నీకు అన్నీ అనుమానాలేమే. ఆ పాపను అడుగు ఒక మాట" అన్నాడు.

"అడిగితే చెప్తాదా ఏమన్నా? తెలివిగల్లది!" అని ఫోను పెట్టేశాను.

కడుపులో మాట దాచుకోవడం నావల్ల కాలేదు. సాయంత్రం పాలకేంద్రంలో రామసుబ్బమ్మ కనిపిస్తే మొత్తం కక్కేశాను. బయ్యన్న గుట్టుగా పాయింటు పెట్టించాడని, నా కొంప ముంచడానికి చూస్తున్నాడని శాపనార్థాలు పెట్టాను. పిల్ల ఈత సంగతి మాత్రం చెప్పలేదు. మాటిచ్చాను కదా, నా దగ్గర మిగిలిన నీతి అదొక్కటే. రామసుబ్బమ్మ చెవిలో వేస్తే ఊరి మైకులో చెప్పినట్టేనని తెలియనిదాన్ని కాదు. ఊరంతా ఛీ అంటే బయ్యన్న వెనక్కి తగ్గుతాడనుకున్నాను.

వారం లోపే ఒకరోజు పొద్దున్నే బోరు లారీ వచ్చింది.

నందిని అప్పుడే బావిలోకి దిగింది. బీడులో లారీ మోత వినిపించి నేను పైట ఎగదోసుకుని పరిగెత్తాను. బయ్యన్న తెల్లబట్టల్లో నిలబడి ఉన్నాడు, వెనక ఎప్పుడూ ఇంటి ముందుండే ఆయన మనుషులు. లారీవాళ్ళు సరిగ్గా ఆ సున్నం గుర్తు మీదికే బండిని వెనక్కి తోలుతున్నారు.

"ఏమన్నా ఇది? నా బావికి ఆనుకోని బోరేస్తావా? నా నీళ్ళన్నీ ఈడ్చుకపోతాది కదా!" అని అరిచాను.

"ఏం నీళ్ళు?" అన్నాడు బయ్యన్న తాపీగా. "నీ బావి అడుగంటిందని నువ్వే కదమ్మే ఊరంతా చెప్తాండావు. నీళ్ళున్న బావి పక్కనైతే తప్పు. ఎండిన బావికి నీకేం నష్టం?"



"ఈడ నీళ్ళుండాయని నీకెవురు చెప్పిరి?" అన్నాను మాట మార్చి.

"నువ్వే. నేను పాయింటు పెట్టిచ్చినానని రామసుబ్బమ్మతో చెప్పినావంట. నేను పెట్టియ్యలా. నా బీడులో నాకు తెలీకుండా గుర్తేసిందెవురా అని వచ్చి సూసినా. నువ్వే ఎవుర్నో పిలిపిచ్చి సూపిచ్చి, నా మింద తోస్తాండావని అర్థమాయ. దీనికోసరం నువ్వింత బెదురుతాండావంటే ఈడ గంగ ఉన్నట్టే."

పాయింటు ఆయన పెట్టించలేదు. ఆ మాట చెవిన పడగానే నాకు సంగతంతా తెలిసిపోయింది. ఆ పిల్ల మనసులో ఏమీ లేదు. ఉన్నదంతా నా మనసులోనే. లేని బోరును నా నోటితోనే పిలుచుకొచ్చి నా తోట నెత్తిన పెట్టుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"బావిలో నీళ్ళుండాయన్నా! నిండా ఉండాయి!"

అందరూ నవ్వారు. "నిన్నటిదంకా ల్యాకపాయనే! సరే, పాండప్పా, సూసి వద్దాం" అని తన మనుషుల్లో ఒకణ్ణి పిలిచి బయ్యన్న బావి వైపు అడుగేశాడు.

చూపిస్తే తోట దక్కుతుంది. చూపిస్తే బావిలో, ఆ బట్టల్లో ఉన్న పిల్ల ఇంతమంది మగవాళ్ళ కళ్ళబడుతుంది. తండ్రికి చెప్పొద్దని ఒక్కటే అడిగింది నన్ను. ఇన్నాళ్ళు దాని మీద లేనిపోనివన్నీ ఊహించుకున్నదాన్ని, ఇప్పుడు ఇదీ చేయాలా? నేను దారికి అడ్డంగా నిలబడ్డాను.

"వద్దు. ఎవురూ రావద్దు" అన్నాను.

"సూసినారా? ఎండిందని బయటపడతాదని భయం" అన్నాడు బయ్యన్న. లారీ ముందు టెంకాయ కొట్టించాడు. మోటారు రొద మొదలైంది. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను.

ఉన్నట్టుండి అందరూ నా వెనక్కి చూశారు. నందిని వస్తోంది. నెత్తిన టోపీ, ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి, ఆ బుడగ వెనకాల మట్టిలో ఈడ్చుకుంటూ వస్తోంది. తిన్నగా వెళ్ళి సున్నం గుర్తు మీద నిలబడింది.

"బావిలో నీళ్ళుండాయి నాయనా. దినామూ ఆడే ఈదుతాండా, నువ్వు భయపడతావని చెప్పలా. ఈ గుర్తు నాదే, పరిగెత్తి వచ్చి వెనక్కి మల్లుకునేకి ఏసుకున్నా. ఈడ నిలబడి నాడి పట్టుకోని గుండె ఎట్ల కొట్టుకుంటాందో సూసుకుంటా. ఇంతే. ఈడ పాయింటూ ల్యాదు, ఏమీ ల్యాదు."

లారీ మేస్త్రి మోటారు ఆపేసి, "నీళ్ళున్న బావి పక్కన నేనెయ్యనన్నా, కేసవుతాది" అన్నాడు. బయ్యన్న ముఖం కందగడ్డ అయింది. భుజం మీది కండువా తీసి కూతురికి కప్పి, "ఇంటికి పా" అన్నాడు.

నా పక్కనుంచి పోతూ ఆ పిల్ల ఆగింది. "నన్ను అడిగింటే చెప్తా ఉంటి కదా పెద్దమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత రాలేదు. బావి దక్కింది, తోట దక్కింది. పొద్దున గట్టు మీద కూర్చుంటే నీళ్ళు కదలకుండా ఉండేవి. పోటీ దగ్గర పడుతోంది. ఇక ఉండబట్టలేక ఒకరోజు తిన్నగా బయ్యన్న ఇంటికే వెళ్ళాను. ఎప్పటిలా మనుషులున్నారు.

"నీ కూతుర్ని పంపన్నా. నా బావిలో ఈదుకోనీ" అన్నాను.

"నీకేం లాభం?"

"ఏమీ ల్యాదు."

"లాభం ల్యాకుండా ఈ హనుమంతక్క నా గడప తొక్కదు. ఏముండాది నీ మనసులో?"

ఆయన స్థానంలో ఉంటే నేనూ ఇదే అడిగేదాన్ని. అప్పుడు అక్కడ కూర్చున్న జయరాముడు లేచాడు. అతని భార్యకు కిడ్నీలు చెడి ఏడాది దాటింది.

"అన్నా, ఆ పాప ఈదితే బండొస్తాదంట కదా" అన్నాడు నేల చూస్తూ. "మా ఇంటిది బస్సులో నిలబడలేక సచ్చిపోతాంది. ఈదనీ అన్నా."

నలుగురిలో కాదనడం బయ్యన్నకు కుదరలేదు. "సరే. నేనూ వస్తా. నేను కూసుంటేనే ఈదల్ల" అన్నాడు నన్ను ఎగాదిగా చూస్తూ.

మర్నాడు తెల్లారేసరికి వచ్చాడు. కూతురు బావిలోకి దిగింది. ఆయన అటు గట్టున, నేను ఇటు గట్టున. ఆయన చూపు మెట్ల మీది తడి గీత వెంట కిందికి దిగుతోంది. ఎన్ని మెట్లు మునిగాయో చూస్తున్నాడు, నాకు తెలుసు! నేను ఆయన మీదినుంచి కన్ను తిప్పలేదు. నేనెందుకు చూస్తున్నానా అని ఆయన నన్ను అనుమానంగా చూశాడు. నందిని మా ఇద్దరి మధ్య గుండ్రంగా తిరుగుతోంది.

"మీరిద్దురూ ఇంటికి పోండి" అని కేకేసింది నీళ్ళలోంచి. ఎవరమూ కదల్లేదు.

ఇంకో చుట్టు తిరిగి ఉంటుంది. నోట్లోకి నీళ్ళు పోయాయో ఏమో, పొలమారి, దగ్గి, చటుక్కున మునిగింది. నారింజ బుడగ ఒక్కటే పైన కనిపించింది. నేను ఎప్పుడు లేచానో, గట్టు చుట్టి మెట్లెలా దిగానో తెలియదు. తల ఎత్తేసరికి బయ్యన్న నా ముందు మెట్టు మీద, తెల్ల పంచెతో సహా నడుము లోతు నీళ్ళలో ఉన్నాడు. "పాపా! పాపా!" అంటున్నాడు. ఆయనకు ఈత రాదు, ఊరందరికీ తెలుసు. నా గుప్పిట్లో ఆయన చొక్కా ఉంది.

నందిని పైకి తేలి, బుడగ పట్టుకుని దగ్గుతూ మా వైపు చూసింది. "ఏమయింది మీకు?" అంది. మళ్ళీ చేతులు చాచి ఈత మొదలుపెట్టింది. బయ్యన్న మాత్రం ఇంకా కూతురి వైపే కిందికి దిగాలని చూస్తున్నాడు. నేను చొక్కా వదల్లేదు.