ఫ్రేములో ఎవరూ ఉండకూడదు

ఇంట్లో అందరూ ఆమెను కెమెరాపిల్ల అంటారు. అలాగని పెద్ద కెమెరా ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక సెల్‌ఫోను, అరిగిపోయిన బూట్లు, ఒక్కచోట నిలవని కాళ్లు. ఊరూరా తిరిగి వీధుల ఫొటోలు తీసి ఒక ప్రయాణాల కంపెనీకి పంపడం ఆమె పని. ఆ ఫొటోల్లో మనిషన్నవాడు కనపడకూడదు. మిట్టమధ్యాహ్నం నడివీధిలో తీసినా సరే, ఊరంతా అప్పుడే కడిగి ఆరబెట్టినట్టు ఖాళీగా ఉండాలి. ఆమెకు పేరు వచ్చిందే అందుకు. ఎవరైనా అడ్డం వస్తే, తీసినచోటే నిలబడి తెర మీద వేలితో రుద్దేస్తుంది. మనిషి మాయం! ఫోను నిండిపోతోందని అసలు ఫొటోను కూడా అక్కడికక్కడే తీసిపారేస్తుంది.

ఈసారి వెంట అత్తగారు బయల్దేరింది. "ఇంట్లో గోడలు చూసి చూసి విసుగెత్తిపోయానే, నన్నూ తీసుకెళ్లు" అంది. కాదనడానికి నోరెలా వస్తుంది? మొగుడు స్టేషన్‌కు వచ్చి మరీ ఒకటే మాట చెప్పాడు. "అమ్మకి ఒంటిగంటకల్లా ఏదో ఒకటి తినిపించు. షుగరు మనిషి. పోయిన నెల వంటింట్లో ఎలా పడిపోయిందో చూశావుగా." తిండి డబ్బా, షుగరు పడిపోతే చప్పరించే చక్కెర బిళ్లలు అన్నీ కోడలి సంచిలోనే సర్దారు.

చెప్పొద్దూ, పొద్దుట్నుంచీ ఆ అత్తగారు ప్రతి ఫొటోలోనూ ప్రత్యక్షమే. వంతెన మీద ఫోను ఎత్తితే వంతెన మధ్యలో ఆవిడ. మెట్ల వీధికి వెళ్తే సరిగ్గా మూడో మెట్టు మీద ఆవిడ. బజారులో బుట్టల కొట్టు ముందు వంగి, కొనేదీ లేదు పెట్టేదీ లేదు, ఒక్కో బుట్టనూ తిరగేసి చూస్తూ ఆవిడ.

"అత్తయ్యా!" అని అరుస్తుంది కోడలు.

"జరుగుతున్నానే."

"ఇంకా జరగండి."

"ఇంకా జరిగితే పక్క ఊళ్లో తేలతాను!"

ఆవిడ నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు. మూడింటికి రైలు, ఇంకా తొమ్మిది ఫొటోలు బాకీ. కాళ్ల కింద నిప్పులు పోసినట్టుంది ఆమెకు. గబగబా నడవడం, తీయడం, రుద్దడం, మళ్లీ నడవడం.

పన్నెండున్నరకు గ్రంథాలయం ముందున్న చౌకుకు చేరారు. ఎదురుగా పన్నెండు రాతి స్తంభాలు, వాటి ముందు వెడల్పాటి మెట్లు, ఇవతల ఫౌంటెను. ఫోను ఎత్తిందో లేదో, మెట్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటూ అత్తగారు. కెమెరాపిల్లకు ఒళ్లు మండిపోయింది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను! కాసేపు నా కంటికి కనపడకండి. నేను ఈ ఫోను దించేదాకా ఫ్రేములోకి రాకండి!"

"సరేలే, అంత అరవకు. జనం చూస్తున్నారు" అని ఆవిడ చేతిసంచి తీసుకుని లేచి వెళ్లింది. ఎటు వెళ్లిందో కోడలు చూడలేదు.

ఫొటోలు బాగానే వచ్చాయి. నీళ్ల మీద వెలుగు కోసం కాసేపు ఆగింది, బండి అడ్డం తొలగడానికి కాసేపు ఆగింది. తీరా టైము చూస్తే ఒంటిగంటా పది. చుట్టూ చూసింది. అత్తగారు లేదు.

"అత్తయ్యా!" పలుకు లేదు. "అత్తయ్యా! అత్తయ్యా!"

పిలుద్దామంటే ఆవిడ దగ్గర ఫోను కూడా లేదు. కళ్ల కంటే ఫోనునే ఎక్కువ నమ్మే మనిషి కదా, మళ్లీ ఫోనే ఎత్తింది. దూరాన్ని దగ్గరికి లాగి, స్తంభాలూ మెట్లూ కొట్లూ అన్నీ తెరలో గాలించింది. అందరూ ఉన్నారు, ఆవిడ తప్ప.

ఎత్తిన ఫోను దించకుండానే చౌకు మూలనున్న పోలీసు గదికి పరుగెత్తింది. లోపల మహిళా కానిస్టేబులు కాగితం తీసింది.

"ఏం వేసుకున్నారు ఆవిడ?"

"స్వెటరు... ఆకుపచ్చ. కాదు, బూడిద రంగు." పొద్దుట్నుంచీ పక్కనే నడిచిన మనిషి. రంగు గుర్తు లేదు!

"ఇవాళ్టి ఫొటో ఏదైనా ఉందా?"

రెండొందల పద్నాలుగు ఫొటోలున్నాయి. వంతెన ఖాళీ. బజారు ఖాళీ. మెట్ల వీధిలో మాత్రం మనిషిని తుడిచింది గానీ నీడను మరిచిపోయింది. రాళ్ల మీద పొట్టి నీడ, దాని చేతిలో సంచి నీడ.

"ఇదే... మా అత్తయ్య" అంది.

"నీడని చూపించి మనిషిని వెతకమంటే ఎలాగమ్మా? మీ ఆయన్ని అడిగి పాత ఫొటో అయినా తెప్పించండి."

అప్పుడే మొగుడి ఫోను. "అమ్మ తిందా?"

"ఆ... తింటోంది." ఆ అబద్ధం నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. పెట్టేశాక తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

మళ్లీ చౌకులోకి వచ్చి ఫౌంటెను చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఫోను ఎత్తి ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది, అత్తయ్యా అని అరిచింది. పడిపోయి ఉంటుంది. ఏ సందులోనో పడిపోయి ఉంటుంది, బిళ్లలేమో నా సంచిలో ఉన్నాయి. ఒంటిగంటా నలభైకి ఫోను చార్జింగు అయిపోయి తెర నల్లబడింది. దాన్ని సంచిలో పడేసి, గ్రంథాలయం మెట్ల మీద కూలబడి, సిగ్గూ ఎగ్గూ లేకుండా భోరున ఏడ్చింది.

"అయిపోయాయా అమ్మాయ్, ఫొటోలు?"

వెనకాల స్తంభాన్ని పట్టుకుని అత్తగారు! ముఖం పాలిపోయింది, నుదుటి నిండా చెమట, చేతులు వణుకుతున్నాయి. స్వెటరు నీలం రంగుది.

కోడలు ఒక్క ఉదుటున వెళ్లి పట్టుకుంది. రెండు బిళ్లలు నోట్లో పెట్టింది. "ఎక్కడికి వెళ్లారు? ఎంత పిలిచాను!"

"ఎక్కడికీ వెళ్లలేదే. ఈ స్తంభాల వెనకే ఉన్నాను. నువ్వు ఫోను ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు." ఆవిడ ఆయాసపడుతూ బిళ్ల చప్పరించింది. "పొద్దుట్నుంచీ నువ్వు అత్తయ్యా అని అరిచావంటే జరగమనే కదా? అరిచినప్పుడల్లా ఇంకాస్త వెనక్కి జరిగాను."

"కళ్లు తిరుగుతుంటే కనీసం కూర్చోవచ్చు కదా అత్తయ్యా!"

"ఎక్కడ కూర్చోను? మెట్లన్నీ నీ ఫొటోలోనే ఉన్నాయి కదే."

కెమెరాపిల్ల ఆవిడను ఆ మెట్ల మీదే కూర్చోబెట్టింది. డబ్బా మూత తీసి, ఆవిడ చేతులు ఇంకా వణుకుతుంటే, తనే ముద్ద చేసి నోటికందించింది.