పంతొమ్మిదో ప్రశ్న

నాకు నోటి దురుసు ఎక్కువ. ఈ సంగతి మా ఆయనకు, మా అత్తకు, నాగర్‌కర్నూల్ బస్సు కండక్టర్లకు కూడా తెలుసు. పద్మజ సిస్టర్ డ్యూటీలో ఉందంటే పేషెంట్ల చుట్టాలు వరండాలో బీడీ ముట్టించడానికి భయపడేవాళ్లు. ఆ నోటితోనే పదకొండేళ్లు నర్సు ఉద్యోగం నెట్టుకొచ్చాను. గట్టిగా మాట్లాడితేనే జనం నిజం చెప్తారని నా నమ్మకం.

2006లో డాక్టర్ రాఘవేందర్ హైదరాబాద్ నుంచి వచ్చి వనపర్తిలో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. విపరీతమైన జ్వరం, ఎండకు కమిలినట్టు ఒళ్లంతా ఎరుపు, వాంతులు, బీపీ పడిపోవడం, నాలుగైదు రోజుల్లో మనిషి దక్కకపోవడం. ఇట్లాంటి జబ్బుల మీద ఆయన పని. పది పడకల నర్సింగ్ హోం ఒకటి అద్దెకు తీసుకుని నన్ను నర్సుగా పెట్టుకున్నాడు. పేషెంట్లను ప్రశ్నలడిగి ఫారం నింపడం కూడా నా పనే. ఫారంలో నలభై రెండు ప్రశ్నలు. ఏ నీళ్లు తాగుతారు, పురుగుమందు కొట్టారా, పుండ్లున్నాయా, ఇట్లా. రోజుకు పదిసార్లు అడిగి అడిగి నాకు అవి నిద్రలో కూడా వచ్చేవి. చదవడం, టిక్కు కొట్టడం, తరువాతి ప్రశ్నకు పోవడం.

ఆ ఏడు సెప్టెంబరులో ఈ జబ్బుతో మానవపాడు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయే పిల్ల. సాయంత్రం మొగ్గలు గిల్లి, మర్నాడు పొద్దున వాటికి మగపువ్వు పుప్పొడి అద్దాలి. ఒక్కరోజు తప్పితే ఆ మొగ్గ దండగే. గిల్లి గిల్లి వాళ్ల గోళ్లు చీలిపోతాయి. ఆ పిల్ల బొటనవేలి గోరు కింద చీము దొరికింది. డాక్టర్ దాన్ని కోసి శుభ్రం చేశాక పిల్ల బతికింది.

"దీన్ని టాక్సిక్ షాక్ అంటారు పద్మజా," అని ఆయన నాకు అప్పుడే చెప్పాడు. "ఒంట్లో ఎక్కడో ఒకచోట క్రిమి గూడు కట్టుకుంటుంది. అక్కడి నుంచి విషం రక్తంలోకి వదులుతుంది. ఆ గూడు దొరక్కపోతే ఎన్ని మందులు పోసినా మనిషి దక్కడం కష్టం. మనం వెతకాల్సింది గూడు."

అక్టోబరులో ఒక పొద్దున జీపు వచ్చి ఆగింది. అందులో సరిత. పంతొమ్మిదేళ్లుంటాయి, పెళ్లి కాలేదు. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు నిప్పుల్లా ఉన్నాయి, మాట తేలిపోతోంది. పక్కన తల్లి శాంతమ్మ. తండ్రి యేసుబాబు కూలి పనికి పూణే పోయి ఉన్నాడు. జీపు మానవపాడులో దశరథం అనే రైతుది. తల్లీ, సరితా, సరిత చెల్లెలూ ముగ్గురూ ఆయన విత్తన పత్తి చేలోనే పని చేస్తారు. ఆయనే సరితను రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. అంతటి మంచి ఆసామిని నేను అరుదుగా చూశాను.

"ఎన్ని రోజులాయె జ్వరం?" అన్నాను.

"మూడొద్దులు సిస్టరమ్మ," అంది శాంతమ్మ. "ఒళ్లంత ఎర్రగయ్యింది. అమ్మ వోసిందనుకున్నం. యాపాకు పరిచి పండవెట్టినం."

"చర్చికి పోయేటోళ్లు కాదా మీరు? యాపాకేంది, అమ్మేంది? మూడు రోజులు పిల్లను సావగొట్టి ఇప్పుడొస్తరా?" అని మీద పడ్డాను. ఆమె కొంగుతో సరిత మూతి తుడిచింది.

సెలైన్ పెట్టి, రక్తం తీసి, ఫారం పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. దశరథం ఇంకా అక్కడే ఉన్నాడు, కొబ్బరిబోండాం కొట్టించుకుని తెచ్చి సరిత నోట్లో చెంచాతో పోయడానికి చూస్తున్నాడు. నేను గడగడా అడుగుతూ పోయాను. పద్దెనిమిది అయింది.

"పంతొమ్మిది. పిల్ల బయటుందా?"

ఫారంలో నెలసరి అని రాసి ఉంది కానీ మా దిక్కు ఆ మాట అంటే ఎవరికీ ఎక్కదు. బయటుండడం అంటేనే తెలుస్తుంది. శాంతమ్మ నేల చూపులు చూసింది.

"ఏందమ్మా, చెవులు వినవడ్తలేవా? బయటుందా, లేదా?"

"లేదు," అంది.

దశరథం కల్పించుకున్నాడు. "బయటున్న ఆడోళ్లు మా చేన్లకు రారు సిస్టర్. అయిదొద్దులు ఇంట్లనే ఉంటరు. ముట్టున్న చెయ్యి తగిల్తె మొగ్గ రాలిపోతదని మా తాన కట్టుబాటు. ఈ పిల్ల జరమొచ్చిననాటిదాంక పనికొచ్చింది."

సరే, పనికి వచ్చిందంటే బయట లేనట్టే కదా. లెక్క సరిపోయింది. "లేదు" దగ్గర టిక్కు కొట్టి ఇరవయ్యో ప్రశ్నకు పోయాను.

డాక్టర్ వచ్చి సరిత వేళ్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. పాదాలు, చెవులు, గొంతు, జుట్టులోపల కూడా. ఎక్కడా చీము లేదు. "నెలసరి?" అని నన్ను అడిగాడు. "లేదు సార్, తల్లే చెప్పింది," అన్నాను. పెళ్లికాని పిల్ల, ఆపైన తల్లి మాట ఉంది. ఆయన అక్కడితో ఆగిపోయాడు. మందులు మార్చాడు, సెలైన్లు పెంచాడు. బీపీ మాత్రం లేవలేదు. మూత్రం రావడం తగ్గిపోయింది.

మధ్యాహ్నం సరితకు కాస్త తెలివి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నా సాలు మొగ్గలు ఎవరన్న గిల్లిండ్రా?" అని అడిగింది. గిల్లిండ్రు, నువ్వు పండుకో అన్నాను. అబద్ధమే. ఆ పిల్ల మీద అంతకుముందు లేని ప్రేమ పుట్టుకొచ్చింది.

రెండో రోజు పొద్దున డాక్టర్ నన్ను పిలిచాడు. "గూడు దొరకడం లేదు. ఇంకొక్క రోజు ఇట్లాగే ఉంటే కిడ్నీలు పోతాయి. నువ్వు ఆ చేనుకు పోయి చూసిరా. ఏం తింటారో, ఏం పూసుకుంటారో, వేళ్లకు ఏం చుట్టుకుంటారో అన్నీ అడుగు."

పెబ్బేరు మీదుగా మానవపాడు చేరేసరికి పదకొండయింది. చేలో ఇరవై మంది ఆడవాళ్లు పువ్వులు రుద్దుతున్నారు. వాళ్లకు పెద్ద కిష్టమ్మ, అరవై ఏళ్ల మనిషి. నేను మామూలుగానే గొంతు పెంచి అడగడం మొదలుపెట్టాను. ఒక్కతె తలెత్తితే ఒట్టు. కిష్టమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకుపోయింది.

"దశరథం పటేలు యాడున్నడు?"

"వనపర్తిలోనే ఉన్నడు, సరిత తాన."

ఆమె అయినా ఒకసారి తోవ వైపు చూసి, అప్పుడు చెప్పింది. "నా పేరు ఎత్తకు సిస్టరమ్మ. సరిత బయటున్నది. బయటున్నమంటే అయిదొద్దుల కూలి వాయె. ఊకూకె, నెలనెల గట్లనే అయితే పటేలు వేరేటోళ్లను పెట్టుకుంటడు. గందుకని చెప్పరు. బట్ట పెట్టుకుంటే నడకల తెలుస్తది, మరకయితది. ఈ పిల్లలు దుకాన్ల దూది తెచ్చి ఉండజేసి లోపట పెట్టుకుంటరు. ఈడ చాటేడున్నది మార్చుకునేటందుకు? రెండొద్దులు, మూడొద్దులు గట్లనే ఉంచుకుంటరు. ఒక్కోపారి లోపటికి వోయి చేతికే దొరకదు."

ఆ గట్టు మీద నుంచి కిరాణా దుకాణం దాకా చీర ఎత్తిపట్టి ఉరికాను. దుకాణం ముందు రూపాయి ఫోను ఉంది. డాక్టర్ ఎత్తగానే, "సార్, పంతొమ్మిదో ప్రశ్న తప్పు. పిల్ల బయటుంది. లోపల దూది ఉంది, వెంటనే తీయించండి," అన్నాను. ఆయన వెంటనే ఫోను పెట్టేశాడు.

నేను తిరిగి చేరేసరికి తీసేశారు. ఒక స్టీలు పళ్లెంలో, గుడ్డ కింద. దాని వాసన గదిలో ఇంకా ఉంది. అదే గూడు. డాక్టర్ "నిన్న దొరికి ఉంటే బాగుండేది," అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రానికి జ్వరం దిగింది. శాంతమ్మ నాకు దండం పెట్టింది. నేనూ ఆశపడ్డాను, ఎందుకు పడను? కానీ కిడ్నీలు అప్పటికే ఆగిపోయాయి. హైదరాబాద్ పంపడానికి అంబులెన్సు మాట్లాడుతుండగా, మూడో రోజు మధ్యాహ్నం సరిత చనిపోయింది. దశరథం గోడకు తల ఆనించి ఏడ్చాడు. శవాన్ని ఆయన జీపులోనే తీసుకుపోయారు.

పేషెంటు పోయిన పదిహేను రోజులకు ఇంటికి వెళ్లి ఫారం సరిచూసుకోవాలని మా పరిశోధనలో నియమం. ఆ పదిహేను రోజులూ నాకు తిండి సహించలేదు. నా తప్పు ఉందని కాదు. శాంతమ్మ మీద కోపం. కన్నతల్లి, ఒక్క నిజం చెప్పి ఉంటే పిల్ల బతికేది. ఎందుకు చెప్పలేదు? పోయి కడిగెయ్యాలని నిశ్చయించుకునే మానవపాడు బస్సెక్కాను.

శాంతమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. చిన్నకూతురు పనికి పోయిందట, అదే చేనుకు. నేను ఫారం తీయలేదు, కూర్చోలేదు కూడా.

"పిల్ల బయటున్నదని నీకు తెలుసా, తెల్వదా?"

"తెలుసు. దూది సంగతి తెల్వదు."

"తెలిసి లేదంటివా? అడిగిన గద నిన్ను! ఒకటికి రెండుసార్లు అడిగిన. నోరిప్పి అవునంటే ఆ పూటనే తీసేటోళ్లం. నీ చేతులార చంపుకుంటివి గదనే!"

అనేశాను. అని నోరు మూసుకున్నా లాభం లేకపోయింది. శాంతమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మొహంలోకే చూసింది. పదకొండేళ్లలో నన్ను ఎవరూ అట్లా చూడలేదు.

"బయటుంటే ఏమయితదో, నువ్వెందుకు అడుగుతున్నవో నాకు జెప్పితివా సిస్టరమ్మ?" అంది మెల్లగా. "పానం సంగతి అని ఒక్క మాట అంటే కాళ్లమీద పడి జెప్పకపోదునా? నీళ్లేడ తాగుతరు, బర్రెలున్నయా అని అడుగుకుంట అదొకటి అడిగితివి. పటేలు నా పక్కకే నిలవడె. ఆయన జీపుల దెచ్చె, ఆయన చేతుల మీద ఎత్తుకొచ్చె. ముట్టున్న పిల్లను నీ చేన్లకు పంపిన్నని ఆయనకు ఎట్ల జెప్పాలె? నేను, నా చిన్నబిడ్డ మల్ల ఆ చేన్లకే పోవాలె గద."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వు ఆడదానివే గద సిస్టరమ్మ," అంది శాంతమ్మ. "ఆయన ముంగట అడిగితివి."