గులాబి ఆడిన పందెం

లక్డారంలో రాజవ్వ ఇంటి ముందు ఉండే తెల్ల గుర్రం పేరు గులాబి. ఒళ్ళంతా పాలమీగడ, మూతి ఒక్కటే గులాబి రంగు, అందుకని ఆ పేరు. అటు సంగారెడ్డి, ఇటు పటాన్‌చెరు, ఎవరింట పెళ్ళయినా పెళ్ళికొడుకు ఊరేగే బరాత్‌కు అదే పోవాలి. బ్యాండు మొదలైందా, ఉన్నచోటే ఆగి, మెడ వంచి, కాలు మార్చి కాలు ఎత్తుతూ గజ్జెలు ఘల్లుమనేలా ఆడుతుంది. చూసినవాళ్ళు పెళ్ళికొడుకును మరిచిపోవాల్సిందే.

ఆ ఆట నేర్పింది రాజవ్వ పెద్దకొడుకు సంగయ్య. వాకిట్లో అతని భార్య ముత్యమ్మ ఖాళీ నూనె డబ్బా వాయిస్తుంటే, అతను తాడు పట్టుకుని నేర్పేవాడు. ఇరుకు సందుల్లో గుర్రం ఆగిపోతే వెనక జనం తోసుకుంటారు కదా, దానికీ ఒక ఉపాయం పెట్టాడు. మెడ మీద రెండు వేళ్ళతో టకటకమని తట్టితే చాలు, ఆట ఆపకుండానే ముందుకు జరుగుతుంది. ఆ తట్టడం మొగుడికీ పెళ్ళానికీ తప్ప ఇంకెవరి చేతికీ అబ్బలేదు.

సంగయ్య పచ్చకామెర్లతో పోయి రెండేళ్ళు. తాడు ముత్యమ్మ చేతికి వచ్చింది. రావడమైతే వచ్చింది గానీ, పెళ్ళివాళ్ళు ఒప్పుకోవద్దూ? మొగుడు పోయిన మనిషి పెళ్ళికొడుకు ముందు నడవడమేమిటని మొహం మీదే అనేవాళ్ళు. అందుకని బయానా ఇవ్వడానికి ఎవరొచ్చినా రాజవ్వ గడపలోనే నిలబడి, "తాడు మా చిన్నోడు నర్సింహులు పడ్తడు" అని చెప్పేది. తీరా పెళ్ళి రోజున నర్సింహులు తాడు అందుకుంటే గులాబి పాతిన రాయిలా నిలబడేది. ముత్యమ్మ కొంగు ముక్కుదాకా లాక్కుని పక్కన నడిస్తేనే కదిలేది. ఎవరో ఒకరు గుర్తుపట్టేవాళ్ళు, గొడవ అయ్యేది. అట్లా ఒక్కొక్క బేరమే పోయింది.

నర్సింహులుది కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీ పని. ఒకనాడు షిఫ్టు దిగి వచ్చి తేల్చేశాడు.

"నా జీతమంతా దాని దాణాకే పోతుంది అమ్మా. ఇటుకబట్టీ సేటుతోని మాట్లాడిన. సోమారం వచ్చి తోలుకపోతడు."

ముత్యమ్మ ఏడవలేదు. గుర్రం జూలు దువ్వుతున్న చెయ్యి ఆగలేదు.

అదే వారం నర్సింహులు ఫ్యాక్టరీ మేనేజరు త్రినాథరావు కబురు పెట్టాడు. గుండెలో రంధ్రంతో పుట్టిన పసిపిల్లల ఆపరేషన్ల కోసం ఆదివారం మలక్‌పేట గుర్రప్పందేల మైదానంలో ఫ్యాక్టరీ తరఫున ఒక రోజంతా పందేలు పెట్టారట, దగ్గరుండి చూసుకునేది త్రినాథరావే. టికెట్ల డబ్బంతా పిల్లలకే. పెద్ద పందేల నడుమ, జనం సరదాకు, పెళ్ళి గుర్రాల పందెం ఒకటి. గెలిచిన గుర్రానికి ఏడాదికి సరిపడా దాణా.

"తమ్మీ, దాణా వస్తే అమ్మవు గద?" అని అడిగింది ముత్యమ్మ.

"గెలిస్తే ఉంచుకో వదినె. గెలువకుంటే సోమారం నోరు తెరువొద్దు."

ఆదివారం పొద్దున డీసీఎం వ్యానులో గులాబిని ఎక్కించుకుని అందరూ మలక్‌పేట చేరారు. పచ్చగడ్డి, తెల్ల కంచె, మెట్ల మీద వేల జనం. పందెపు గుర్రాలు పెద్దింటి కోడళ్ళలా అటూ ఇటూ చూడకుండా నడిచిపోతున్నాయి. మన గులాబికేమో నుదుటిన అద్దాల పట్టీ, కాళ్ళకు గజ్జెలు, మూపున జరీ గుడ్డ. దానితో కలిసి పెళ్ళి గుర్రాలు ఆరు.

బేగంబజార్ గుర్రపాయన మీసం తిప్పుతూ అడిగాడు. "ఏందవ్వా, గుర్రం తెచ్చినవ్, పెండ్లికొడుకేడి?"

"నువ్వున్నవ్ గద నాయినా, పిల్లే దొరుకుతలేదు" అంది రాజవ్వ. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

నవ్వులు అక్కడికే సరి. నర్సింహులు ఎక్కి కూర్చోగానే గులాబి బిగుసుకుపోయింది. కొట్టినా లేదు, బుజ్జగించినా లేదు. తాడు పట్టుకుని ముందు నడుస్తానంది ముత్యమ్మ.

"అట్లా కుదరదమ్మా, ఎక్కినవాళ్ళే నడిపించాలి" అన్నాడు త్రినాథరావు.

"అయితే నేనే ఎక్కుత సారూ."

రాజవ్వ అడ్డం వచ్చింది. "పెండ్లికొడుకులు ఎక్కే గుర్రమే అది! నువ్వెక్కితే ఇంకెవరన్న పిలుస్తరా?"

"ఇయ్యాల నేనెక్కకుంటే, సోమారం దాని మీద ఇటుకలెక్కుతయ్ అత్తా."

ముత్యమ్మ చీర గోచి పెట్టింది. రాజవ్వ వంగి, రెండు చేతులూ దోసిలి చేసి కోడలి పాదం కింద పెట్టింది. అత్త చేతుల మీద కాలుపెట్టి కోడలు గుర్రమెక్కింది.

జెండా దిగింది. ఆరు గుర్రాలూ ఉరికాయి. గులాబిది ఆఖరి స్థానం. పెళ్ళిపందిరి దాకా నడవడమే గానీ ఉరకడం దానికేం తెలుసు? రాజవ్వ కంచె పట్టుకుని కళ్ళు మూసుకుంది.

అప్పుడు జరిగింది చిత్రం. త్రినాథరావు మంచి మనసుతోనే బ్యాండువాళ్ళను పిలిపించి, పెళ్ళి గుర్రాలు కదా, సగం దూరం రాగానే పెళ్ళి పాటే అందుకోండి అని చెప్పి ఉంచాడు. వాళ్ళు అందుకున్నారు. అంతే, ఆరు గుర్రాలూ ఎక్కడివక్కడ ఆగిపోయి ఆట మొదలుపెట్టాయి!

మెట్ల మీది జనం పొట్టలు పట్టుకున్నారు. మీసాలాయన కొరడా ఝళిపించాడు, అతని గుర్రం ఇంకా హుషారుగా ఎగిరింది. ఒకటైతే వెనక్కి తిరిగి బ్యాండువాళ్ళ దగ్గరికే పోయి నిలబడింది. "బంద్ కరో! బాజా బంద్ కరో!" అని, ఆపమని రౌతులు అరుస్తుంటే, ఇంకా గట్టిగా వాయించమంటున్నారేమో అనుకుని వాళ్ళు డోలు పగిలేట్టు వాయించారు.

ముత్యమ్మ కొరడా అడగలేదు. కళ్ళెం వదులు చేసి, ముందుకు వంగి, మెడ మీద రెండు వేళ్ళు ఆనించింది. టక టక. గులాబి చెవులు నిక్కాయి. ఆడుతూనే ఒక అడుగు. టక టక. ఇంకో అడుగు. తక్కిన గుర్రాల పక్కనుంచి, తొందరేమీ లేకుండా, తల వంచి గజ్జెలు మోగించుకుంటూ పోయింది. నెత్తిమీది కొంగు ఎప్పుడు జారిందో ముత్యమ్మకు తెలియదు. రెండేళ్ళ తర్వాత ఆ మొహం వేలమంది ముందు బయటపడింది. ఎంత నిబ్బరం! వాకిట్లో నూనె డబ్బా వాయించినప్పుడు ఉండే మొహమే అది.

గుర్రం గీత దాటేసరికి జనమంతా లేచి నిలబడ్డారు. "నా కోడలు! నా కోడలు!" అని అరుస్తున్నది తానేనని రాజవ్వకు గొంతు బొంగురుపోయాక గానీ తెలియలేదు.

ఆ సందడిలోనే సంగారెడ్డి బట్టల దుకాణం కాశీనాథ్ సేటు వెతుక్కుంటూ వచ్చాడు.

"వచ్చే నెల మా పిల్లగాని పెండ్లి అవ్వా. ఈ గుర్రమే కావాలె. తాడు ఎవరు పడ్తరు?"

అలవాటుగా రాజవ్వ చూపు నర్సింహులు మీదికి పోయింది. అతను నేల చూస్తున్నాడు. రాజవ్వ సేటు వైపు తిరిగింది.

"మా కోడలు ముత్యమ్మ. మొగడు లేడు. ఆమె ముందు నడిస్తేనే గుర్రం వస్తది. ఇష్టముంటే బయానా ఇయ్యి సేటు."

సేటు తల గోక్కున్నాడు. "నాకేం లేదవ్వా. మా అమ్మ ఒప్పుకోవాలె గద..."

"మీ అమ్మతోని నేను మాట్లాడ్త. ఆమె అత్తే, నేనూ అత్తనే."

సేటుకు నవ్వు ఆగలేదు. జేబులోంచి తీసిన నోట్లు రాజవ్వకు ఇవ్వబోతే, ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తాడు పట్టేటామెకియ్యి."

మొదటి దాణా బస్తా భుజాన వేసుకుని నర్సింహులు వ్యాను వైపు నడిచాడు. రాజవ్వ వెనక నుంచి కేకేసింది.

"ఏమ్రా, సోమారం బట్టీ సేటొస్తే ఏం చెప్పాలె?"

నర్సింహులు తిరిగి చూడకుండానే అన్నాడు. "గుర్రం పెండ్లికి పోయిందని చెప్పు."