తొడిమలు తీసే చేతుల మీద నింద

నేను ఒక స్టీలు పరికరాన్ని. రెండు రేకులు, ఒక పిడి, పక్కన ఒక మర. మూసి ఉంటే బాతు ముక్కులా ఉంటాను. ఆడవాళ్ల లోపలి దారిని మెల్లగా తెరిచి, గర్భసంచి మూతి కనబడేలా చేయడం నా పని. ఈ మాటకే చిరాకు పడి పుస్తకం మూసేసేవాళ్లు మూసుకోవచ్చు. కడుపు కోసి తీసినవాళ్లను వదిలేస్తే, మిగతా అందరూ ఆ దారినే పుట్టారు.

ఉత్తరాదిన ఒక కార్ఖానాలో నన్ను కొట్టి, వంచి, రుద్ది మెరిపించారు. రుద్దే మనిషికి నేను దేనికో తెలియదు. పక్కవాణ్ని అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు. అప్పుడే నాకు కుతూహలం పట్టుకుంది. చూడటానికే నన్ను చేశారు కదా, మరి చూడబోయేదాని పేరెత్తితే మనుషులకు నవ్వెందుకు?

మొదట గుంటూరులో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు నన్ను కొన్నారు. అక్కడి పెద్ద డాక్టరు నన్ను ముట్టుకోలేదు. ఆడమనిషి వచ్చి తెల్లబట్ట అవుతోందని గొణిగితే, తల ఎత్తకుండా మందు రాసేవాడు. పరీక్ష చేయించుకునే పని తప్పిందని ఆమెకూ హాయి. ఇద్దరూ దాన్ని మర్యాద అనుకునేవాళ్లు. జబ్బుకు మాత్రం ఆ మర్యాద బాగా కలిసొచ్చింది. నేను అద్దాల బీరువాలో పడి ఉండి, ఇక ఏదీ చూడనేమో అనుకున్నాను.

ఆ నర్సింగ్ హోమ్ మూతపడ్డాక డాక్టర్ హైమవతి నన్ను తెచ్చుకుంది. మిరపకాయల కొట్లున్న వీధిలో ఆమెది రెండు గదుల ఆస్పత్రి. అక్కడ నాకు తీరిక దొరకలేదు. మరిగించి తీసేవారు, గోరువెచ్చగా చేసేవారు, అప్పుడు నా పని. విరిగిన పాలలా తెల్లగా గడ్డలు కట్టి, దురదతో ప్రాణం తీసేది ఒకటి. బూడిదరంగులో పల్చగా, చేపల వాసన వేసేది ఒకటి. పసుపుపచ్చగా నురగలు కక్కేది ఇంకొకటి. బయట అందరూ వీటన్నిటికీ తెల్లబట్ట అని ఒకే పేరు పెట్టి, ఒకే మాత్ర మింగుతారు. దేని మందు దానిదే.

కొందరికి నా అవసరమే ఉండదు. మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలు, ఆ చుక్కలకే మంట. అది మూత్రం దారిలో చేరిన జబ్బు. ఒక కప్పులో మూత్రం పట్టిస్తే తెలిసిపోతుంది. చలిజ్వరం, నడుము పక్కన పోటు కూడా ఉంటే మూత్రపిండం దాకా పాకిందేమోనని భయపడాలి, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. కొట్లో మరుగుదొడ్డి ఉండదు. అందుకని పొద్దుట్నుంచీ మంచినీళ్లు ముట్టకుండా కూర్చుంటారు ఈ ఆడవాళ్లు. దొడ్డి కట్టని యజమానికి రాయాలి మందు.

ఇక ఈ వీధి వాళ్లదే ఒక నమ్మకం ఉంది. రోజంతా మిరపకాయల తొడిమలు తీసే చేతులు కదా, కింద ఎక్కడ మండినా మిరప ఘాటే అంటారు. చల్ల తాగుతారు, సబ్జాలు నానబెట్టుకుంటారు. ఘాటు చేతులతో తాకితే మండే మాట నిజమే. కానీ ఆ మంట సాయంత్రానికి పోతుంది.

తిరుపతమ్మకు పోలేదు. కొత్తగా పెళ్లయి తొడిమల ముఠాలో చేరిన పిల్ల. పొత్తికడుపు నొప్పి, వాసన వేసే తెల్లబట్ట, మొగుడితో కలిస్తే నొప్పి. మిరప పని ఒంటిని కాల్చేసిందని, ఇక గర్భం నిలవదని అత్త తేల్చేసింది. పని మాన్పిస్తానని మొగుడు ఏడుకొండలు అన్నాడు. అతను కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు మోసే హమాలీ. తన చేతులే తనకు శత్రువులైనట్టు ఆ పిల్ల వాటిని కొంగులో దాచుకుని కూర్చుంది. ముఠాలో పెద్దది సైదాబీ ఆమెను లాక్కొచ్చింది.

నన్ను తెరిచి దీపం వేసి చూస్తే, గర్భసంచి మూతి ఎర్రగా కంది, నడుమ పచ్చటి చీము. డాక్టరు చెబుతుంటే ఆ పిల్ల మాట తెంపింది.

"నాగ్గూడా చూపించమ్మా. నా ఒళ్లేగా."

హైమవతి చేతి అద్దం తెచ్చి పట్టింది. తిరుపతమ్మ మెడ ఎత్తి చాలాసేపు చూసింది. నా రేకుల నడుమ నుంచి ఒక మనిషి తనను తాను చూసుకోవడం నాకు అదే మొదలు.

"కారం తగిల్తే చీము పడుద్దా?" అని అడిగింది.

పడదని డాక్టరు చెప్పింది. ఇది మనిషి నుంచి మనిషికి, కలయికలో వచ్చేది. ఊరుకుంటే గర్భసంచి దాటి గొట్టాల్లోకి ఎక్కుతుంది, అప్పుడు నిజంగానే పిల్లలు పుట్టకపోవచ్చు. మందుకు లొంగుతుంది. కానీ ఇద్దరూ ఒకేసారి మింగాలి, మింగాక వారం కలవకూడదు. ఒక్కరే మింగితే మళ్లీ అంటుకుంటుంది. ఇద్దరికీ నెత్తురు పరీక్ష కూడా చేయాలి, ఇలాంటి జబ్బులు జంటగా తిరుగుతాయి.

తనకేం రోగం లేదని ఏడుకొండలు మాత్రలు అటక మీదికి విసిరాడు. తిరుపతమ్మ తన మాత్రలు మింగి, చాప తీసుకెళ్లి సైదాబీ ఇంట్లో పరుచుకుంది. వీధికి తెలిసేసరికి అతను దిగొచ్చి, ఆమె వెంట ఆస్పత్రికి వచ్చాడు. భార్యను బయట కూర్చోబెట్టనా అని డాక్టరు అడిగితే, ఉండనీ, తనకు దాపరికం లేదన్నాడు. నేను పళ్లెంలో ఉండి విన్నాను. మూత్రంలో ఎప్పుడైనా మంటగానీ చీముగానీ ఉందా అని ఆమె అడిగింది.

"ఉండె, పోయినేడు. బస్తాలు మోసే ఒళ్లు కదండీ, మిరప ఘాటు. మా వీధి ఆర్ఎంపీ సూదేశాడు, తగ్గింది."

"పోయినేడు నేను మా అమ్మకాడే ఉన్నా," అంది తిరుపతమ్మ. "నాకింకా పెళ్లే కాలా."

మంట అణిగితే జబ్బు పోయినట్టు కాదని, ఆ సూది సగమే చంపి ఉంటుందని డాక్టరు నెమ్మదిగా అంది. ఏడుకొండలు నేల చూపు చూశాడు. తిరుపతమ్మ నీళ్ల గ్లాసు అతని ముందు పెట్టి, "మింగు, నేను చూస్తా," అంది. మింగాడు. నెత్తురు పరీక్షలు ఇద్దరికీ మంచిగానే వచ్చాయి.

తర్వాత నేను మరోసారి ఆమెలోకి చూశాను. గర్భసంచి మూతి గులాబీ రంగులో, నున్నగా ఉంది. పిల్లలు పుడతారో లేదో అది చెప్పదు. దారి శుభ్రంగా ఉందని మాత్రం చెప్పింది. ఆమె చేతులు కొంగులోంచి బయటికి తీసి, సైదాబీతో కలిసి తిన్నగా మిరప కొట్లో పనికి వెళ్లింది.

ఇప్పుడు నా మర అరిగింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌వి వచ్చాయి. మూల బల్ల మీద ఖాళీగా ఉంటున్నాను. మగవాళ్లకు నేను ఎటూ పనికిరాను. అయినా మొన్న ఏడుకొండలు మరో హమాలీని భుజం పట్టుకుని తోసుకొచ్చినప్పుడు చెవి ఒగ్గాను. ఆ మనిషి నసుగుతూ, పని వేడండీ, మిరప బస్తాలండీ అని మొదలుపెట్టాడు.

ఏడుకొండలు అతని వీపు మీద తట్టాడు.

"మిరప అనమాక. ఉన్నది చెప్పు."