పూయకూడని చెట్టు

ఆ తోటలో చెట్లు పూయకూడదు. జన్యువులు మార్చి, పూత రాకుండా పెంచిన చెట్లవి. పూస్తే పుప్పొడి గాలికి కొట్టుకుపోయి బయటి చెట్లలో కలుస్తుంది. కలిశాక వేరు చేయడం ఎవరి తరమూ కాదు. అందుకే ఒక్క పువ్వు విచ్చినా తోట మొత్తం నరికేయాలని షరతు. నిచ్చెనెక్కి కొమ్మకొమ్మా వెతకడం ఆమె ఉద్యోగం. అందరూ ఆమెను మొగ్గల పోలీసంటారు.

మోకాలి నొప్పితో రెండు వారాలుగా ఆమె కింద నుంచే బైనాక్యులర్‌తో చూసి, మొగ్గ లేదని రాస్తోంది. ఈ రోజు నిచ్చెన పట్టుకుంటానని మరిది సెలవు పెట్టి వచ్చాడు.

అతను కాగితం మిల్లులో కలప ఉడికించే చోట పనిచేస్తాడు. ఈ చెట్ల కలప సగం ఘాటు రసాయనంతోనే ఉడుకుతుంది. నెల రోజులు దాన్ని వాడి చూసినప్పుడు అతని దగ్గు తగ్గింది. పాత కలప రాగానే మళ్లీ మొదలైంది. వచ్చే నెల ఈ తోటకు ప్రభుత్వ అనుమతి దొరికితే ఇక మిల్లుకు ఈ కలపే.

"జాగ్రత్త వదినా! నువ్వు మీద పడితే నా ఎముకలు ఏరుకోవాలి."

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకో."

పైకొమ్మన, ఎండవైపు, ఆకుల చాటున ఒక పువ్వు. విచ్చి నాలుగు రోజులై ఉంటుంది. తాకితే వేలికి పసుప్పచ్చ పొడి అంటింది.

ఆమెకు ముందు కలిగింది భయం కాదు. చూడనట్టు దిగిపోవచ్చన్న ఊరట. ఆ ఊరటను గుర్తుపట్టి బిగుసుకుపోయింది. మోకాలు వట్టి సాకేమో, చూడకూడదనే ఇన్నాళ్లూ కింద నిలబడ్డానేమో అని మొదటిసారి తోచింది.

"ఏమైంది? కాకి గూడా?"

"పువ్వు."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్కటేగా. తుంచెయ్ వదినా. చెట్టు చెబుతుందా, నేను చెబుతానా?"

"విచ్చిందయ్యా. నా వేలికి అంటింది గాలికి అంటలేదా?"

"గాలికి దగ్గు రాదు. నాకొస్తుంది."

ఆమె వేలిని కొంగుకు తుడుచుకుంది. దిగి రిజిస్టరు తెరిచింది. 'నూట నలభై మూడో చెట్టు. పువ్వు ఒకటి, విచ్చినది.' పెన్ను ఆగింది. కింద ఇంకో వరుస రాసింది: 'రెండు వారాలుగా పైకెక్కి చూడలేదు.'

"నీ కొంపకు నువ్వే నిప్పు పెట్టుకుంటున్నావు," అన్నాడు అతను, భుజం మీదుగా చదివి.

"పక్క చెట్టుకు వెయ్యి నిచ్చెన. ఇంకా ఎన్ని విచ్చాయో రాయాలి."

అతను కదల్లేదు. ఆమే ఈడ్చుకెళ్లడం మొదలుపెట్టింది. మోకాలు కలుక్కుమంది. పదడుగులు పోయాక నిచ్చెన వెనక కొస నేల విడిచి అతని చేతుల్లో పైకి లేచింది.

"ఇంకెన్ని చెట్లు?" అన్నాడు.

"రెండు వందల అరవై."