వెనక కుర్చీ నుంచి బడ్జెట్

సెలవురోజు శుక్రవారం మధ్యాహ్నం నేను బియ్యం, మాంసం కూరడానికి సొరపిందెల్లాంటి లేత కూసకాయలు తొలుస్తుంటే, మా ఆయన ముహన్నద్ తన తమ్ముడితో అంటున్నాడు, "దేశం బడ్జెట్టంతా మీ వదిన చేతుల్లోనే ఉందిరా. అందుకే మనింట్లో బియ్యం ఎక్కువ, మాంసం తక్కువ." ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాజధాని అమ్మాన్‌లోని ప్రభుత్వ బడ్జెట్ కార్యాలయంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, అక్కడా ఇలాగే నవ్వుతుంటాను.

ఆ వారమే ఖర్చు తగ్గించమని పైనుంచి ఆదేశం వచ్చింది. సైన్యం జోలికి పోకూడదు. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ ఎలాగూ కదలవు. రోడ్లు ముట్టుకుంటే ఎంపీలు ఊరుకోరు. "ఏది తీసేస్తే ఎవరూ నోరెత్తరో అది చూడమ్మా" అన్నారు డైరెక్టర్ షాహిర్ గారు. పల్లెటూళ్ల బడుల పక్కన నడిచే పసిపిల్లల కేంద్రాల పద్దు చూపించాను. కారణం గడిలో "ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారు, ఖర్చు లేదు" అని రాశాను. ఎంత పొందికగా రాశావని ఆయన మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ శుక్రవారం భోజనాలయ్యాక మా అత్తగారు చాప మీంచి లేవలేకపోయింది. నా మూడేళ్ల కూతురు తాలాను పగలంతా చూసుకునేది ఆవిడే. గోడ పట్టుకుని, "అమ్మాయ్, ఆదివారం ఆఫీసులు తెరిచిన దగ్గర్నుంచి పిల్లను నేను చూడలేను. మోకాళ్లు పోయాయి" అంది.

"నీకేం పనుందమ్మా, ఊరికే కూర్చునేదానివేగా" అన్నాడు ముహన్నద్.

"ఐదుగురిని పెంచాను. ఇప్పుడు ఆరోదాన్ని పెంచుతున్నాను. ఊరికే కూర్చున్నదెప్పుడో నువ్వే చెప్పు నాన్నా."

అతను నావైపు తిరిగి, అయితే నువ్వే సెలవు పెట్టు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అతన్ని ఏమని అననూ? అతను నోటితో అన్నదే నేను కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాను.

ఆదివారం సెలవు పెట్టింది ముహన్నదే. అతను గడ్డం గీసుకునేలోపు నేను గుమ్మం దాటేశాను.

ఆ రోజు పార్లమెంటులో ఆర్థిక కమిటీ సమావేశం. డైరెక్టర్లు ముందు వరుసలో, మేం వెనక. ఎంపీ ప్రశ్న అడగ్గానే డైరెక్టర్ తల తిప్పకుండా భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాపుతారు. మేం అందులో చీటీ పెడతాం. తనకు తెలిసిందే అన్నట్టు ఆయన చదువుతారు.

తఫీలా ఎంపీ ఇబ్తిహాజ్ అడిగింది. "కేంద్రాలు మూసేస్తే ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు?"

చెయ్యి వెనక్కి వచ్చింది. నేను కారణం గడిలో రాసిన మాటే ఉన్న చీటీ సిద్ధంగానే ఉంది. దాన్ని మడిచి సంచిలో వేసుకున్నాను. ఆయన వేళ్లు రెండుసార్లు ఆడాయి. నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోమ్మా" అన్నారు షాహిర్ గారు, పెదవులు కదలకుండా.

కూర్చోలేదు. "ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారు, ఖర్చు లేదు అని రాసింది నేనే మేడమ్. అది తప్పు. ఖర్చుంది. దాన్ని ఆడవాళ్లు ఒళ్లు అరగదీసుకుని కడుతున్నారు. ఆ పద్దు ఉండాలి."

రికార్డు రాసే గుమస్తా పేరడిగాడు. సౌసన్ అని చెప్పాను. పదకొండేళ్లలో ఆ గదిలో నా పేరు ఎవరైనా అడగడం అదే మొదలు.

"ఉండాలి సరే, డబ్బెక్కడిది?" అంది ఇబ్తిహాజ్.

ఏ పద్దులో ఏముందో నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు.

"అధికారుల కొత్త కార్ల పద్దులో ఉంది మేడమ్. మొదటిది మా డైరెక్టర్ గారిదే."